ఫోను పగలంతా యాడుంటాది?

బుక్కరాయసముద్రంలో నేను సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాను, అమ్మను. ముందే ఈ మాట ఎందుకంటే, కొత్త ఫోను గురించి సలహా ఇచ్చేవాళ్లలో చాలామందికి ఆ ఫోను మీద కమీషనుంటుంది. నాకు లేదు. కొత్త ఫోను కావాలంటే మా ఊరివాళ్లు ఆటో ఎక్కి అనంతపురం పోతారు. సుభాష్ రోడ్డులోనో సప్తగిరి సర్కిల్ దగ్గరో కొంటారు, లేదంటే ఆన్‌లైన్లో తెప్పించుకుంటారు. ఏడాదికో రెండేళ్లకో ఆ ఫోను నా బల్ల మీదికి చేరుతుంది. షోరూము వాళ్లకు ఫోను పెళ్లిచూపుల నాటి ముఖం తెలుసు. నాకు కాపురం తెలుసు.

"అక్కా, పదిహేను వేలల్లో మంచి ఫోను ఒకటి చెప్పు" అని వస్తారు. నేను ర్యామ్ గురించి, కెమెరా గురించి మొదలుపెట్టను. "పగలంతా నీ ఫోను యాడుంటాది?" అంటాను. నవ్వుతారు. తర్వాత చెబుతారు. ట్రాక్టరులో అద్దం కింద. బండి ట్యాంకు కవర్లో. చీనీ తోటలో మోటరు డబ్బా మీద. వంటింట్లో గ్రైండరు పక్కన. మా మండలంలోనే జంతలూరు దగ్గరున్న సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలైతే బ్యాగులోనో చేతిలోనో. ఆ జవాబుతోనే సగం ఫోను తేలిపోతుంది. ఎందుకంటే పెట్టె మీద రాసే లెక్కలన్నీ చల్లని గదుల్లో వేసినవి. మాది ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే నేల. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, గాలి లేస్తే దుమ్ము. ఫోను బతకాల్సింది ఇక్కడ.

ముందు ఎండ సంగతి. ఫోన్లలో ఉండేది లిథియం బ్యాటరీ. వేడి తగిలేకొద్దీ లోపలి రసాయనాలు తొందరగా పాడవుతాయి, ఛార్జింగు నిలవడం తగ్గుతుంది. ఒక్కోసారి లోపల గ్యాసు పుట్టి బ్యాటరీ ఉబ్బుతుంది. అప్పుడు వెనక మూత లేస్తుంది, లేకుంటే డిస్‌ప్లే పైకి తోసుకొస్తుంది. "గ్లాసు లేసింది పాపా, గమ్ము పెట్టి ఒత్తియ్" అని తెస్తారు. అట్లా ఒత్తితే అంటుకునేది గ్లాసు కాదు, మంట. ఉబ్బిన బ్యాటరీని ఎవరూ ఒత్తకూడదు, గుచ్చకూడదు, మార్చాల్సిందే. ఆపిల్ కంపెనీ తన ఐఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని చెబుతుంది. మే నెలలో మా ఊళ్లో నీడపట్టునే ఆ గీత దాటిపోతుంది. లక్ష రూపాయల ఫోనుకే ఆ హద్దు ఉన్నప్పుడు, ఎండలో నిలబెట్టిన ట్రాక్టరులో పదివేల ఫోను ఏం తట్టుకుంటుంది?

అందుకే బ్యాటరీ దగ్గర నా లెక్క వేరు. 5,000 ఎంఏహెచ్ ఇప్పుడు మామూలైపోయింది, 6,000, 7,000 కూడా వస్తున్నాయి. పొలంలో ఉండేవాళ్లు పెద్దదే తీసుకోవాలి, దానికి నేను అడ్డం చెప్పను. అడ్డం చెప్పేది ఛార్జింగు వేగం దగ్గర. ఎనభై వాట్లు, నూట ఇరవై వాట్లు అని పోస్టర్ల మీద పెద్ద అంకెలు వేస్తారు. కరెంటు వేగంగా ఎక్కించేకొద్దీ వేడి పుడుతుంది, ఫోను వేడెక్కితే తనంతట తానే ఆ వేగాన్ని తగ్గించుకుంటుంది. వేసవి మధ్యాహ్నం పొలం గదిలో పెట్టి చూడండి, డబ్బు పోసి కొన్న వేగం కనబడదు. పాతిక, ముప్పై మూడు వాట్లు ఇంటి అవసరానికి బాగా సరిపోతాయి. ఇంకో సంగతి, చాలా కంపెనీలు పెట్టెలో ఛార్జరు పెట్టడం మానేశాయి. ఫోనుకు పదిహేను వేలు అనుకుని వెళ్తే ఛార్జరు, పౌచ్, గ్లాసు కలిసి మరో పదిహేను వందలు, రెండు వేలు పైన పడతాయి. ఆ ఛార్జరు దగ్గర పిసినారితనం చేసి రోడ్డు పక్కన నూట యాభైకి కొన్నవాళ్ల ఫోన్లే, ఛార్జింగు ఐసీ కాలి, నా దగ్గరికి ఎక్కువగా వస్తాయి.

దుమ్ము గురించి చెనిక్కాయ రైతులకు చెప్పాల్సిన పని లేదు. కాయ కొట్టే రోజుల్లో కల్లం దగ్గర తిరిగిన ఫోను తెచ్చారంటే ఛార్జింగు పిన్నులో, స్పీకరు జాలీలో పొట్టు, ఎర్రమట్టి కూరుకుని ఉంటాయి. సూదితో గెలికి పిన్ను విరగ్గొట్టుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు. ఈ బాధ తగ్గాలంటే పెట్టె మీద ఐపీ అని ఉండే అంకె చూడాలి. అందులో మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. ఐపీ 54 అంటే దుమ్ము కొంత ఆగుతుంది, చినుకులు పడినా ఓర్చుకుంటుంది. ఐపీ 64 అయితే దుమ్ము లోపలికి పోదు. ఐపీ 68 నీళ్లలో మునిగినా తట్టుకునేది, ఖరీదు ఎక్కువ. బుక్కరాయల నాటి మా చెరువు కట్ట మీద సెల్ఫీలు దిగే కుర్రాళ్లు "నాది 68" అని ధీమాగా ఉంటారు. ఒకసారి డిస్‌ప్లే పగిలి మార్చాక ఆ అంకె మీద నమ్మకం పెట్టుకోకూడదు. పైగా తడిసి పోయిన ఫోనుకు చాలా కంపెనీల వారంటీ వర్తించదు. నా మటుకు రైతుకు 64 చాలు, దాని కోసం ఒక వెయ్యి ఎక్కువైనా పెట్టమంటాను.

ఇక డిస్‌ప్లే. మా దగ్గర ఉపాధి పనికి పోయే మేట్లు ఎక్కువ. 2023 జనవరి నుంచి కూలీల హాజరు ఎన్‌ఎంఎంఎస్ యాప్‌లోనే వేయాలని తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు పనిచోటనే ఫొటో తీయాలి, తీసిన చోటూ వేళా అందులో నమోదవుతాయి. మట్టి తవ్వే చోట, చెట్టు నీడ కూడా లేని చోట, తెర మీద ఏముందో కనబడకపోతే మనుషుల కూలికే ఎసరు. ఇట్లాంటి పనికి పోయేవాళ్లు షాపులో ట్యూబులైటు కింద ఫోను చూసి మురిసిపోవద్దు. దాన్ని చేతబట్టుకుని రోడ్డు మీదికి రండి, మధ్యాహ్నం ఎండలో వెలుతురు పూర్తిగా పెంచి ఒక మెసేజీ చదవండి. షాపువాడు గొణిగితే గొణగనీండి. ఈ వెలుతురును నిట్స్ అనే లెక్కలో చెబుతారు. పోస్టరు మీద వేసే రెండువేలో మూడువేలో తెరలో చిన్న ముక్క కాసేపు వెలిగినప్పటి లెక్క, తెర మొత్తం ఎప్పుడూ అంత వెలగదు.

అమోలెడ్ మంచిదా, ఎల్‌సీడీ మంచిదా అని అడుగుతారు. చూడటానికి అమోలెడ్డే బాగుంటుంది, నలుపు నల్లగా ఉంటుంది, కరెంటూ కాస్త తక్కువ తింటుంది. నేను మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాను, పగిలితే ఎంత? మామూలు ఎల్‌సీడీ కాంబో మార్చడానికీ, ఒరిజినల్ అమోలెడ్ మార్చడానికీ చాలా తేడా. కొన్ని ఫోన్లకు డిస్‌ప్లే ఖర్చు ఫోను ధరలో సగం దాకా పోతుంది. అంచులు వంపు తిరిగిన డిస్‌ప్లే అయితే గ్లాసు వేయడం కూడా తలనొప్పే. అందుకే కొనకముందే ఆ కంపెనీ సర్వీస్ సెంటరు అనంతపురంలో ఉందో లేదో చూసి, "ఈ మోడలు డిస్‌ప్లే ఎంత, బ్యాటరీ ఎంత?" అని ఫోను చేసి అడగండి. బెంగళూరుకో, కర్నూలుకో పంపాలన్నారంటే ఆ ఫోను ఎంత చవకైనా నాకు ఖరీదే.

మా ఊళ్లో పదేళ్ల కిందట సిగ్నలు కోసం మిద్దె ఎక్కేవాళ్లం. ఇప్పుడు ఊళ్లో బాగానే ఉంది, తోటల్లోనే తేడా. కొండమీదరాయుడి కొండ అవతల ఒక సిమ్ముకు గీతలు నిండుగా ఉంటే ఇంకోదానికి ఒక్క గీతే. కాబట్టి ఫోను కంటే ముందు సిమ్ము తేల్చుకోండి. మోటరు దగ్గర నిలబడి పక్క తోటాయన ఫోనులో ఏ సిమ్ము పలుకుతోందో చూడండి. దాన్ని బట్టి ఫోను. మన దేశంలో 5జీ 2022 అక్టోబరు 1న మొదలైంది. జియో 5జీకి 700 మెగాహెర్ట్జ్ తరంగాలు కూడా ఉన్నాయి, అవి దూరం పోతాయి, గోడలు దాటుతాయి. ఆ బ్యాండును ఎన్ 28 అంటారు. బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీని 2025 సెప్టెంబరు 27న ప్రారంభించారు, అదీ 700 మెగాహెర్ట్జ్ వాడుతుంది. పాత ఫోన్లలో, బయటి దేశం నుంచి తెచ్చిన ఫోన్లలో కొన్నింటికి ఈ బ్యాండు ఉండదు. "మా తమ్ముడు దుబాయ్ నుంచి తెచ్చినాడు, పెద్ద ఫోను, అయినా టవరు పడదు" అని వచ్చే కేసుల్లో నేను మొదట చూసేది అదే. ఇప్పుడు కొనేవాళ్లు 5జీ ఉన్నదే కొనండి. ధరలో తేడా తగ్గిపోయింది, పైగా ఫోను మూడు నాలుగేళ్లు ఉండాలి కదా.

ర్యామ్ దగ్గర జరిగే మాయ ఒకటుంది. "8 ప్లస్ 8, మొత్తం పదహారు జీబీ" అని రాస్తారు. రెండో ఎనిమిది ర్యామ్ కాదు, స్టోరేజీలో కోసి పెట్టిన ముక్క. అసలు ర్యామ్ ఎంత అని అడగండి. 4 జీబీ ఫోను మొదటి నెల బాగుంటుంది, ఏడాదికి యాప్‌లన్నీ బరువెక్కాక ఫోన్‌పే తెరిచేసరికి వెనక ఉన్నవాళ్లు నాలుగు సార్లు దగ్గుతారు. 6 జీబీ ఉంటే నయం, 8 ఉంటే నిశ్చింత. స్టోరేజీ 128 జీబీ కంటే తగ్గొద్దు. నిండిపోయేది మీ పెళ్లి వీడియోలతో కాదు, బడి గ్రూపు, కుల సంఘం గ్రూపు, పొద్దున్నే వచ్చే దేవుడి ఫొటోలతో. వాట్సాప్ సెట్టింగుల్లో ఆటో డౌన్‌లోడ్ ఆపితే సగం రోగం కుదురుతుంది, ఆ పనికి నేను డబ్బులు కూడా తీసుకోను. స్టోరేజీలోనూ రెండు రకాలున్నాయి, ఈఎంఎంసీ, యూఎఫ్ఎస్. రెండోది వేగం. చవక ఫోన్లలో ఈ సంగతి పెట్టె మీద రాయరు, ఇంటర్నెట్టులో మోడలు పేరు కొట్టి చూసుకోవాలి.

అప్‌డేట్ల గురించి అడిగేవాళ్లే లేరు, నా లెక్కలో అది కెమెరా కంటే ముఖ్యం. ఫోనులో బ్యాంకుంది. కంపెనీ భద్రతా అప్‌డేట్లు ఆపేశాక ఆ ఫోను తలుపు గొళ్లెం లేకుండా ఉంటుంది. పాత ఆండ్రాయిడ్‌ను యాప్‌లు కూడా వదిలేస్తాయి, కిట్‌క్యాట్ ఫోన్లలో వాట్సాప్ 2025 జనవరి 1న ఆగిపోయింది. 2024లో వచ్చిన శామ్‌సంగ్ ఏ16 5జీకి ఆరేళ్లు అప్‌డేట్లు ఇస్తామని ఆ కంపెనీ ప్రకటించింది, గూగుల్ పిక్సెల్ 8 నుంచి ఏడేళ్లు అంటోంది. చవక ఫోన్లలో చాలావాటికి రెండేళ్లే. ఆరేళ్లు చెప్పిన పద్దెనిమిది వేల ఫోనూ, రెండేళ్లు చెప్పిన పదమూడు వేల ఫోనూ పక్కపక్కన పెడితే ఏది చవకో మీరే భాగించి చూసుకోండి.

కెమెరా దగ్గర కుర్రాళ్లతో నాకు గొడవ. 108 మెగాపిక్సెళ్లు అంటారు. నిజానికి 50 మెగాపిక్సెళ్ల కెమెరా కూడా నాలుగు చుక్కలు కలిపి ఒకటి చేసి మామూలుగా 12.5 మెగాపిక్సెళ్ల ఫొటోనే ఇస్తుంది. వెనక వరుసగా ఉండే గుండ్రాల్లో 2 మెగాపిక్సెళ్ల మాక్రో, డెప్త్ అని ఉంటే అవి అలంకారం కిందే లెక్క. ఉన్న ఒక్క కెమెరా చెయ్యి వణికినా తట్టుకునే ఓఐఎస్ రకమైతే మేలు. చెనిక్కాయ ఆకు మీద మచ్చ ఫొటో తీసి ప్లాంటిక్స్ లాంటి యాప్‌లో చూసుకునే రైతుకూ, రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లకు వాట్సాప్‌లో పంపేవాళ్లకూ కావలసింది దగ్గరగా స్పష్టంగా పడటం. షాపులోనే జేబులోంచి ఒక ఆకు తీసి ఫొటో తీయండి, పెద్దది చేసి ఈనెలు కనిపిస్తున్నాయేమో చూడండి. నవ్వితే నవ్వుకుంటారు.

తెలుగు కూడా అక్కడే చూసుకోవాలి. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం ఒక్కటి మెసేజీలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు మూతపడ్డాయి, ఆపిల్ కొత్త అప్‌డేటు ఇచ్చి సరిచేసింది. ఇప్పుడా భయం లేదు. కానీ అవ్వకూ జేజికీ కొనేటప్పుడు అక్షరాలు పెద్దవి చేస్తే ఒత్తులు తెగిపోతున్నాయా, మైకు నొక్కి మన సీమ మాటలో చెబితే రాస్తోందా, స్పీకరు గట్టిగా పలుకుతోందా, ఈ మూడూ చూసుకుంటే చాలు. రాష్ట్ర ప్రభుత్వం వారి 'మన మిత్ర' వాట్సాప్ సేవ 2025 జనవరి 30న మొదలయ్యాక, 95523 00009 నంబరుకు హాయ్ అని పెట్టి సర్టిఫికెట్లు తెప్పించుకునేవాళ్లు మా ఊళ్లో పెరిగారు. దానికి పెద్ద ఫోను అక్కర్లేదు, సరిగ్గా చదవగలిగే తెర కావాలి.

మొన్న ఒక గొర్రెల పెద్దప్ప వచ్చినాడు. "నాకు అన్నీ వొద్దు పాపా. పిల్లోళ్లతో మాట్లాడల్ల, వాన వొస్తాదో రాదో తెలియల్ల." ఆయన కొడుకు ఇరవై వేల ఫోను కొనిస్తానంటున్నాడట. మాటలకు కీప్యాడ్ ఫోను ఉంచుకో, దానికి తోడు పదివేల లోపు స్మార్టు ఫోను ఒకటి చాలన్నాను. స్మార్టు ఫోను ఎందుకంటే దామిని యాప్ కోసం. పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ వాళ్లు చేసింది అది, దగ్గర్లో పిడుగు పడే ముప్పుంటే హెచ్చరిస్తుంది. బయలు నేలలో గొర్రెలు కాసేవాళ్లకు అంతకంటే పనికొచ్చే యాప్ నాకు తెలియదు. వాన కబురుకు మేఘదూత్ ఉంది, తెలుగులోనే చెబుతుంది. ఈ రెంటికీ ఎంత చవక ఫోనైనా సరిపోతుంది, జీపీఎస్ పనిచేయాలి, డేటా ఉండాలి, అంతే.

కీప్యాడ్ ఫోనును నేను చులకన చేయను. 2016లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి మన పక్కనే కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది చెనిక్కాయ రైతులకు ఎప్పుడు విత్తాలో చెప్పాయి. వెనక కంప్యూటర్లు చేసిన లెక్క ఎంత పెద్దదైనా రైతుకు చేరింది తెలుగు ఎస్ఎంఎస్‌గానే. ఏ డబ్బా ఫోనుకైనా వచ్చేది. మా తోటల్లో మోటరు స్టార్టరు డబ్బాలో సిమ్ము వేసి, ఇంట్లోంచి ఫోను కొట్టి మోటరు వేసేవాళ్లు బోలెడుమంది. దానికీ కీప్యాడే చాలు. అయితే 2జీతో నడిచే పాత స్టార్టర్లలో జియో సిమ్ము పనిచేయదు, జియోకు 2జీయే లేదు. ఈ ముక్క తెలియక స్టార్టరు చెడిపోయిందని పీకి తెచ్చినవాళ్లున్నారు.

ఇప్పుడు డబ్బు. ఫోను మీద జీఎస్టీ 18 శాతం, 2020 ఏప్రిల్ 1 నుంచి. అంతకుముందు 12 ఉండేది. పదివేల ఫోనులో సుమారు 1,525 రూపాయలు పన్నే. 2015లో మన శ్రీసిటీలో తయారైన రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విశాఖలో విడుదల చేసినప్పుడు ధర 6,999. ఆ ధరకు ఈరోజు పనికొచ్చే స్మార్టు ఫోను దొరకడం కష్టం. 2025 చివరి నుంచి మెమరీ చిప్పుల ధరలు పెరిగి ఫోన్ల రేట్లూ ఎక్కుతున్నాయి.

వడ్డీ లేని ఈఎంఐ అనే బోర్డు చూసి ఆగేవాళ్లకు ఒక లెక్క చెబుతాను. ఫోను ధర 15,000. నగదు ఇస్తే 14,200కు ఇస్తానన్నాడు అనుకుందాం. ఈఎంఐలో అయితే ఆ తగ్గింపు లేదు, పైన ఫైలు ఛార్జీ 600 మొదటే తీసుకుంటారు, ఆరు నెలలు 2,500 చొప్పున కడతారు. 1,400 ఎక్కువ కట్టినట్టు. మన ఊరి భాషలో చెప్పాలంటే నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి దగ్గర. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. కంతు తప్పితే ఫోనును దూరం నుంచే లాక్ చేసే యాప్ వేసి ఇచ్చేవాళ్లున్నారు, సంతకం పెట్టకముందే అది అడగండి. లాక్ పడిన ఫోను నా దగ్గరికి తేవద్దు, నేను తీయను.

పాత ఫోను కొనడం తప్పేం కాదు. యూనివర్సిటీ పిల్లలు చదువులు ముగించుకుని వెళ్తూ మంచి ఫోన్లు అమ్మేస్తుంటారు. స్టారు హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొడితే పదిహేను అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. కేవైఎం అని రాసి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు మెసేజీ పెడితే ఆ ఫోను వివరం, దొంగది అని బ్లాకులో ఉందా లేదా తెలుస్తుంది. బిల్లు లేకుండా, ఈ మెసేజీ పెట్టకుండా కొన్న ఫోనుతో పోలీసు స్టేషను మెట్లు ఎక్కాల్సి రావచ్చు. బ్యాటరీ ఎట్లాగూ మార్చాల్సి వస్తుంది, దానికయ్యే పదిహేను వందలు బేరంలోనే తగ్గించుకోండి.

కొత్తదైనా డబ్బులిచ్చి వెంటనే బయటికి రావద్దు. పెట్టె మీద ఐఎంఈఐ, ఫోనులో ఐఎంఈఐ, బిల్లు మీద ఐఎంఈఐ మూడూ ఒకటేనా చూసుకోవాలి. సిమ్ము వేసి ఒక కాల్ చేయాలి, అనంతపురం ఆకాశవాణి ఎఫ్‌ఎం వినే అలవాటుంటే ఇయర్‌ఫోను గుచ్చి అదీ చూడాలి, చాలా కొత్త ఫోన్లలో ఆ రంధ్రమే తీసేశారు. గొడవ వస్తే వినియోగదారుల హెల్ప్‌లైను 1915. టెంపర్ గ్లాసు మాత్రం అక్కడ మూడొందలు పెట్టి వేయించుకోవద్దు. నా దగ్గరికి రండి, వందకు వేస్తాను.